బానెట్ స్కూప్: ఇంజిన్ చల్లదనం, వాన రక్షణ

బానెట్ స్కూప్ అంటే కారు ఇంజిన్ మీది మూతలో గాలి కోసం తీసిన నోరు. బానెట్ రేకు మీద కొంత ఎత్తుగా లేచి, ఎక్కువగా ముందువైపుకు, అరుదుగా అద్దం వైపుకు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లోకి వెళ్లిన గాలి మూడు చోట్లలో ఏదో ఒకచోటికి చేరుతుంది. టర్బో ఇంజిన్లలో, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీదికి పోవచ్చు, ఇంజిన్ పీల్చుకునే ఎయిర్ ఫిల్టర్‌లోకి పోవచ్చు, లేదా ఏ గొట్టమూ లేకుండా నేరుగా ఇంజిన్ గదిలోకే పోవచ్చు. ఈ మూడింటికీ కావలసిన ఆకారం వేరు, వాన నుంచి కావలసిన రక్షణ వేరు. అందుకే స్కూప్‌లో మార్పు చేయదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది దాని గాలి ఎక్కడికి పోతుందన్నదే. ఈ సంగతి చూసుకోకుండా రేకు కోసిన బళ్లు ఎండాకాలంలో చల్లబడకపోగా వానాకాలంలో షెడ్డుకు చేరుతుంటాయి.

విజయనగరం నుంచి సాలూరు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీదున్న గజపతినగరం ఈ మూడు రకాల మంచిచెడ్డలూ బయటపడే చోటు. పూర్వం 43వ నంబరుగా ఉన్న ఈ రోడ్డు నాతవలస, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా సాగి, సుంకి ఘాట్ ఎక్కి, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ చేరుతుంది. మైదానంలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నడిచిన బండే ఘాట్‌లో 20, 25కి దిగిపోయి, చిన్న గేరులో, నిండా మనుషులతో, సామానుతో ఎక్కాలి. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి. అవి తగ్గేసరికి తుపాన్ల రోజులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఈ ఉత్తరాంధ్ర తీరాన్నే తాకాయి. ఎండా వానా రెండూ ఒకే బండిని ఒకే ఏడాదిలో గట్టిగా పరీక్షించే నేల ఇది. చలి దేశాల పందెపు కార్లకు పనికొచ్చిన ఏర్పాటు ఇక్కడ అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు.

ఆవిర్భావం

బానెట్ మీది ఉబ్బు మొదట్లో చాలా కార్లలో గాలికోసం కాక చోటుకోసం వచ్చింది. 1955 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్‌లో ఎత్తయిన ఎయిర్ క్లీనర్ బానెట్ కింద పట్టేందుకు పైన స్కూప్ పెట్టారు. 1960ల చివర అమెరికాలో శక్తిమంతమైన పెట్రోలు కార్ల పోటీ ముదిరాక అది ఇంజిన్‌కు చల్లని గాలినిచ్చే సాధనంగా స్థిరపడింది. 1969 మస్టాంగ్‌లో స్కూప్‌ను కార్బురేటర్ మీదే బిగించి బానెట్‌లోని రంధ్రం గుండా పైకి తేల్చారు. ఇంజిన్ కదిలినప్పుడల్లా అదీ వణికేది కాబట్టి షేకర్ అన్న పేరొచ్చింది. 1970 షెవెల్‌లో నోరు ముందువైపుకు కాక అద్దం వైపుకు తెరుచుకునేది. అలా తిప్పడానికి గల కారణం కింద పీడనం గురించి చెప్పినచోట తెలుస్తుంది. రేకు మీద లేవకుండా లోపలికి పల్లంగా దిగే మరో రకం నోటిని అమెరికా వైమానిక సలహా సంఘం నాకా 1945లో విమానాల కోసం పరిశోధించింది. దాన్ని తర్వాత పందెపు కార్ల తయారీదారులు తీసుకున్నారు.

టర్బో ఇంజిన్లు పెరిగాక స్కూప్ పని మారింది. 1992లో వచ్చిన సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో అది ఇంజిన్ పైన పడుకోబెట్టిన ఇంటర్‌కూలర్‌కు గాలినిచ్చేది. భారతీయ రోడ్ల మీద జనానికి స్కూప్‌ను పరిచయం చేసినవి ఇలా ఇంటర్‌కూలర్‌కు గాలినిచ్చే స్కూప్ ఉన్న డీజిల్ బళ్లే. ఎంహాక్ ఇంజిన్ వేసిన మహీంద్రా స్కార్పియో, 2009లో మన దేశానికి వచ్చిన మొదటి తరం టయోటా ఫార్చ్యూనర్ 3.0 డీజిల్ వాటిలో ముఖ్యమైనవి. గజపతినగరం సెంటర్‌లో ఎవరైనా నిజంగా పనిచేసే స్కూప్‌ను చూడాలనుకుంటే ఎదురయ్యేది ఎక్కువగా స్కార్పియో బానెట్ మీదే.

బానెట్ మీద గాలి పీడనం

కదిలే బండికి ఎదురయ్యే గాలి పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేసవి గాలి సాంద్రత ఘనమీటరుకు 1.15 కిలోలు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ అదనపు పీడనం సుమారు 440 పాస్కల్‌లు. 60 కిలోమీటర్ల వద్ద 160. ఘాట్ ఎక్కే 25 కిలోమీటర్ల వేగంలో 28 మాత్రమే. మామూలు వాతావరణ పీడనమే లక్ష పాస్కల్‌లు కాబట్టి, వంద వేగంలో సైతం స్కూప్ ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి అర శాతం కూడా ఉండదు. స్కూప్ పెడితే గాలి దూసుకొచ్చి ఇంజిన్ శక్తి పెరుగుతుందన్న నమ్మకానికి ఈ లెక్కలో చోటు లేదు.

లాభం ఉంటే అది ఉష్ణోగ్రతలో ఉంటుంది. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 1 శాతం తగ్గుతుంది. బయట 40 డిగ్రీలున్న రోజున బానెట్ కింద 70 డిగ్రీల గాలిని పీల్చే ఇంజిన్‌కు బయటి గాలినే అందిస్తే 9, 10 శాతం చిక్కటి గాలి దొరుకుతుంది. చాలా కొత్త కార్లలో కంపెనీవారే గొట్టాన్ని గ్రిల్ వెనకో, హెడ్‌లైటు పక్కనో పెట్టి బయటి గాలినే పట్టిస్తున్నారు. అలాంటి బండికి ఇంజిన్ పీల్చే గాలి కోసం వేరే స్కూప్ పెట్టించినందువల్ల మిగిలేది ఖర్చే.

స్కూప్ ఎక్కడుండాలో నిర్ణయించేది కూడా పీడనమే. బండి ముఖం మీద, అంటే గ్రిల్ దగ్గర, పీడనం అన్నిటికంటే ఎక్కువ. గాలి అక్కడ పైకెక్కి బానెట్ అంచు మీదుగా వంగేచోట వేగం పుంజుకుంటుంది కాబట్టి పీడనం బయటి వాతావరణం కంటే కిందికి పడిపోతుంది. వెనక్కి పోయేకొద్దీ మళ్లీ పెరిగి, అద్దం మొదట్లో, వైపర్ల కింద, బాగా ఎక్కువవుతుంది. అందుకే బానెట్ ముందు భాగం గాలి బయటికి పోవడానికి అనువైనది, అద్దం మొదలు గాలి లోపలికి రావడానికి అనువైనది. షెవెల్ స్కూప్ వెనక్కి తిరిగి ఉండడానికి కారణం ఇదే. బానెట్ నడుమ ముందుకు తెరిచే స్కూప్ పెడితే, రేకును అంటిపెట్టుకుని మందగించిన పలచని గాలి పొరను దాటి నోరు పైకి లేవాలి. రేకుకు అతుక్కున్న చిన్న ఉబ్బు గాలిని పట్టలేదు.

ఈ లెక్క తెలియక చేసే మార్పుల్లో బాగా వాడుకలో ఉన్నది బానెట్ వెనక కొసను వాషర్లు పెట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేపడం. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ సందులోంచి వేడి బయటికి వస్తుంది, చేయి పెడితే తెలుస్తుంది కూడా. నడుస్తున్నప్పుడు మాత్రం అక్కడ పీడనం ఎక్కువ కాబట్టి గాలి బయటికి రాదు, లోపలికే పోతుంది. పైగా ఏసీకి బయటి గాలి పట్టే రంధ్రం సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంజిన్ గదిలోని ఆయిల్ పొగ, సైలెన్సర్ లీకు ఉంటే దాని పొగ, మనుషులు కూర్చునే చోటికి చేరతాయి. వానొస్తే అద్దం మీది నీరంతా ఇంజిన్ వెనక భాగంలోని వైర్ల మీదికి జారుతుంది. ఈ పద్ధతిని ఏ బండికీ సిఫారసు చేయడానికి లేదు.

రేడియేటర్‌కూ స్కూప్‌కూ సంబంధం

ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతు చక్రాలకు చేరే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలిన మూడో వంతులో చాలా భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి ఇచ్చేస్తుంది. ఇంజిన్ హీటెక్కడమంటే ఈ చివరి పని ఆగడమే. రేడియేటర్ గుండా గాలి పోవాలంటే దాని ముందున్న పీడనం వెనకున్న పీడనం కంటే ఎక్కువ ఉండాలి. ఏ గొట్టమూ లేని స్కూప్ ద్వారా ఇంజిన్ గదిలోకి గాలిని నింపితే వెనక పీడనం పెరుగుతుంది, రేడియేటర్ గుండా వచ్చే గాలి తగ్గుతుంది. ఇంజిన్ పైభాగం కాస్త చల్లగా అనిపించినా కూలెంట్ ఉష్ణోగ్రత పెరగవచ్చు. పెంకుటింటి వంటగదిలో పొయ్యి ఉక్క పోవాలంటే కప్పులో పొగగూడు కావాలి గాని గుమ్మం ఇంకా వెడల్పు చేస్తే లాభం లేదు. ఇంజిన్ గదికీ వర్తించేది ఇదే. గాలి వచ్చే దారి గ్రిల్ రూపంలో ఎలాగూ ఉంది, తక్కువైంది పోయే దారి.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఈ సంగతి మరింత తేటపడుతుంది. 25 కిలోమీటర్ల వేగంలో 28 పాస్కల్‌ల పీడనం రేడియేటర్‌కు గాని, స్కూప్‌కు గాని చాలదు. అక్కడ పనంతా ఫ్యాన్‌దే. సాలూరు దాటాక బాయిలింగ్‌కు వచ్చే బండిలో ముందు చూడవలసినవి ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, ఫ్యాన్ క్లచ్ లేదా మోటారు, బెల్టు బిగువు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత. కూలెంట్‌ను సుమారు 1 బార్ పీడనంలో పట్టి ఉంచడం వల్లనే అది 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత రబ్బరు ఎండిపోయి ఆ పీడనం నిలవకపోతే 100 దాటగానే మరుగుతుంది. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసే అలవాటు వల్ల గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది.

రేడియేటర్ రెక్కల మధ్య చేరే చెత్తను ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నూర్పుళ్ల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్నల పొట్టు, గోగునార పీచు, ఎర్రమట్టి దుమ్ము ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుంటాయి. ముందునుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనిపిస్తుంది. రెండింటినీ విడదీసి, వెనకనుంచి ముందుకు తక్కువ ఒత్తిడి నీటితో కడిగితేనే ఆ పొర వదులుతుంది. స్కూప్ కోసం వచ్చే బళ్లలో చాలావాటికి ఈ శుభ్రతే అసలు మందు.

ఇంటర్‌కూలర్‌కు గాలినిచ్చే స్కూప్

టర్బో గాలిని నొక్కినప్పుడు అది నూరు డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని బయటి గాలికి ఇచ్చి, ఇంజిన్‌లోకి చల్లని చిక్కటి గాలిని పంపుతుంది. స్కార్పియో, పాత ఫార్చ్యూనర్ వంటి బళ్లలో అది ఇంజిన్ మీదే అడ్డంగా పడుకుని ఉండి, సరిగ్గా స్కూప్ కిందికి వస్తుంది. బానెట్ మూసినప్పుడు స్కూప్ అడుగునున్న రబ్బరు బీడింగ్ ఇంటర్‌కూలర్ అంచుల మీద కూర్చుని గాలి పక్కలకు జారిపోకుండా ఆపుతుంది. నోట్లోకి వచ్చిన గాలి రెక్కల గుండా కిందికి దిగక తప్పదు.

ఈ బీడింగే ఆ ఏర్పాటుకు ప్రాణం. ఇంజిన్ వేడికి కొన్నేళ్లలో అది గట్టిపడి, పగిలి, ఒక మూల ఊడిపోతుంది. అప్పుడు గాలి తేలిక దారి చూసుకుని రెక్కలను తప్పించుకు పోతుంది. పెద్ద స్కూప్ బిగించడం కంటే ఈ రబ్బరు మార్చడం వల్ల కలిగే మేలు ఎక్కువ, ఖర్చు బాగా తక్కువ. ఇంటర్‌కూలర్ రెక్కల్లో చేరిన ఆకులు, పురుగులు, దుమ్మును ఏడాదికోసారి తీయించడం దీని తర్వాతి పని. నోటికి జల్లెడ పెట్టేటప్పుడు కన్నాలు 5, 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంతకంటే సన్నని జల్లెడలో వాన నీరు పొరలా నిలిచి గాలిని అడ్డుకుంటుంది.

ఇంజిన్ పైన ఉండడం వల్ల ఇంటర్‌కూలర్‌కు ఒక స్వాభావికమైన బలహీనత ఉంది. బండి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఘాట్‌లో లారీల వెనక పాకేటప్పుడు, కిందినుంచి లేచే ఇంజిన్ వేడిని అదే పీల్చుకుంటుంది. స్కూప్ ఎంత పెద్దదైనా వేగం లేనప్పుడు దీన్ని ఆపలేదు. ఇంటర్‌కూలర్ కింద, టర్బో వైపున, వేడిని తిప్పికొట్టే అల్యూమినియం కవచం వేస్తే కొంత ఉపశమనం ఉంటుంది.

వాన విషయంలో ఈ రకం స్కూప్ అందరూ అనుకునేదానికి పూర్తిగా భిన్నం. ఇంటర్‌కూలర్ లోపలి గాలి దారి మూసి ఉంటుంది. బయట రెక్కల మీద పడిన నీరు ఇంజిన్‌లోకి పోదు, పైగా ఆవిరై రెక్కలను ఇంకా చల్లబరుస్తుంది. వానాకాలం రాగానే నోటికి రేకో, రెక్సినో కట్టేయడం తప్పు. గాలి ఆగిపోయి టర్బో గాలి వేడిగానే ఇంజిన్‌కు చేరుతుంది. ఆ వేడిని గుర్తించిన ఇంజిన్ కంప్యూటర్ ఇంధనం తగ్గిస్తుంది, బండి లాగదు. రక్షణ కావలసింది ఇంటర్‌కూలర్ కింద ఉండే ఇంజెక్టర్ల కనెక్టర్లకు, ఆల్టర్నేటర్‌కు, వైర్ల అతుకులకు. కనెక్టర్ల రబ్బరు సీళ్లు సరిగా ఉండేలా చూసి, నీరు ఇంజిన్ తల మీది పల్లాల్లో నిలవకుండా దారి చేస్తే చాలు. రాత్రి ఆరుబయట నిలిపినప్పుడు మూత కప్పుకోవచ్చు, తాళం తిప్పే ముందు తీసేయాలి. వాటర్ సర్వీసింగ్‌లో ఒత్తిడి గొట్టాన్ని నేరుగా స్కూప్‌లోకి గురిపెట్టడం వానకంటే చేటు. వాన చుక్క చొరబడని సీలులోకి ఆ ధార చొరబడుతుంది.

ఇంజిన్ పీల్చే గాలి, వాన నీరు

ఎయిర్ ఫిల్టర్‌లోకి దారితీసే స్కూప్‌లో మాత్రం వాన రక్షణ ప్రాణాధారమైన విషయం. 40 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నోటిని తీసుకుందాం. వాన గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కురుస్తుంటే ఘనమీటరు గాలిలో దాదాపు 2 గ్రాముల నీరుంటుంది. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ నోరు సెకనుకు 0.4 ఘనమీటర్ల గాలికి ఎదురెళ్తుంది. అంటే నిమిషానికి 50 మిల్లీలీటర్లు, గంటకు సుమారు 3 లీటర్ల నీరు నోట్లో పడుతుంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటలకు 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. తుపాను రోజుల్లో అందులో పెద్ద భాగం కొద్ది గంటల్లోనే కురవవచ్చు.

అంత నీటిలో ఇంజిన్‌ను చెడగొట్టడానికి కావలసింది చాలా స్వల్పం. 2179 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 545 ఘన సెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 16.5 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 35 ఘన సెంటీమీటర్లు. అంతకంటే ఎక్కువ నీరు ఒక్క సిలిండర్‌లో చేరితే, నీరు నొక్కుకుపోదు కాబట్టి, పిస్టన్ మధ్యలోనే ఆగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్ని హైడ్రోలాక్ అంటారు. ఆ తర్వాత ఇంజిన్ మొత్తం విప్పవలసిందే. నీరు అంత చేరకపోయినా, తడిసిన కాగితపు ఫిల్టర్ ఉబ్బి గాలిని ఆపుతుంది, గాలిని కొలిచే సెన్సర్ పాడవుతుంది.

అందుచేత ఈ రకం స్కూప్ నుంచి ఫిల్టర్‌కు తిన్నని గొట్టం వేయకూడదు. మధ్యలో నీటిని వదిలించే పెట్టె ఉండాలి. గాలి దాని పైభాగంలో ప్రవేశించి, కిందికి దిగి, మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కి ఫిల్టర్‌ను చేరాలి. మలుపులో గాలి తిరుగుతుంది, బరువైన చుక్క తిన్నగా పోయి గోడకు కొట్టుకుని జారిపోతుంది. పైకెక్కే దారిలో గాలి వేగం చుక్క పడే వేగం కంటే తక్కువ ఉండాలి. మిల్లీమీటరు వ్యాసమున్న చుక్క నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో పడుతుంది. పై ఇంజిన్ టర్బోతో 3000 తిప్పుల వద్ద సెకనుకు దాదాపు 100 లీటర్ల గాలిని పీలుస్తుంది. ఆ గాలి 3 మీటర్ల వేగం మించకుండా పైకెక్కాలంటే దారి వైశాల్యం 330 చదరపు సెంటీమీటర్లు, అంటే 18 సెంటీమీటర్ల చదరం ఉండాలి. బానెట్ కింద అంత చోటు దొరకడం కష్టమే. చోటు లేనిచోట ఈ మార్పు జోలికి పోకపోవడమే సరైన నిర్ణయం.

పెట్టె అడుగున అన్నిటికంటే పల్లపు మూలలో 10, 12 మిల్లీమీటర్ల తూము ఉండాలి. దాని కొసకు బాతు ముక్కులాంటి రబ్బరు కవాటం తొడిగితే నీరు దిగుతుంది గాని ఇంజిన్ గది వేడి గాలి, దుమ్ము పైకి రావు. ఈ కవాటం ఆకుతోనో మట్టితోనో మూసుకుపోతే నీరు పెట్టెలోనే నిలిచి ఒక మలుపులో ఒక్కసారిగా ఫిల్టర్ మీదికి ఒరుగుతుంది. అద్దం కింద వైపర్ల దగ్గరుండే పల్లానికి కూడా ఇలాంటి తూములే ఉంటాయి. మామిడి, వేప, జీడిమామిడి చెట్ల కింద నిలిపే బళ్లలో ఇవి వానలకు ముందే పూడిపోతాయి. అక్కడినుంచి గాలి తీసుకునేలా మార్చిన బండికి అది మరీ ప్రమాదం.

గెడ్డలు పొంగి కాజ్‌వేల మీదుగా నీరు పారే ఊళ్లకు వెళ్లే జీపులకు స్కూప్ కంటే స్నార్కెల్ మేలు. అందులో గాలి గొట్టం అద్దం పక్కగా పైకప్పు ఎత్తు దాకా లేస్తుంది. అయినా పారే నీటి లోతు, వడి తెలియకుండా దిగడానికి అది అనుమతిపత్రం కాదు. బండి నీటిలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. తోయించి బయటికి తెచ్చి, ఫిల్టర్ విప్పి చూసి, తడి కనిపిస్తే ఇంజెక్టర్లు లేదా ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను చేత్తో తిప్పించి నీరు పోయాకే ప్రారంభించాలి.

వేడిని బయటికి పంపే బెజ్జాలు

ఇంజిన్ గది వేడి తగ్గించడమే లక్ష్యమైతే సరైన మార్పు స్కూప్ కాదు, లూవర్లు. ఇవి వెనక్కి తెరుచుకునే పలకల వరుస. రేడియేటర్‌కు కాస్త వెనక, బానెట్ ముందు భాగంలో, పీడనం తక్కువున్న చోట పెడితే నడుస్తున్నప్పుడు వేడి గాలిని బయటికి లాగుతాయి, ఆగినప్పుడు వేడి తనంతట తానే లేచిపోతుంది. నెమ్మదిగా నడిచే చోట కూడా పనిచేసే మార్పు ఇదొక్కటే. వీటి లోటు వాన. నడిచే బండిలో గాలి బయటికే పోతుంటుంది కాబట్టి నీరు పెద్దగా రాదు, నిలిపిన బండి మీద కురిసినది మాత్రం సందుల్లోంచి దిగుతుంది. లూవర్ల కింద వేలెడు దూరంలో రేకు పళ్లెం బిగించి, దాని చుట్టూ అంచు లేపి, రెండు మూలల నుంచి రబ్బరు గొట్టాలు చక్రాల వైపుకు దించితే ఆ నీరు ఇంజిన్ మీద పడదు. పళ్లెం గాలి దారిని సగం మూసేలా ఉండకూడదు. పెట్రోలు ఇంజిన్లలో ఇగ్నిషన్ కాయిళ్లు, ఫ్యూజుల పెట్టె, కంప్యూటర్ లూవర్ల సూటిలోకి రాకుండా స్థలం ఎంచుకోవాలి.

కోత, అతుకు, పదార్థం

బానెట్ పైరేకు మిల్లీమీటరు కంటే పలచన. దాని బలమంతా కిందనున్న పక్కటెముకల చట్రంలో ఉంటుంది. రంధ్రం ఆ ఎముకల మధ్య రావాలి. ఎముకను కోస్తే వేగంలో బానెట్ వణుకుతుంది, గుద్దుకున్నప్పుడు మడత పడవలసిన చోట పడదు. పాదచారి తల బానెట్‌కు తగిలినప్పుడు రేకు లొంగి దెబ్బ తగ్గించేలా తయారీదారులు కింద ఖాళీ ఉంచుతారు. స్కూప్ గట్టి అంచు ఆ రక్షణను చెడగొడుతుంది. ఎత్తయిన స్కూప్ డ్రైవరు చూపుకు అడ్డమై, బండి ముందు దగ్గరగా ఉన్న పిల్లలను, పశువులను కనపడనీయదు.

కోసిన అంచుకు అదే రోజు జింక్ ప్రైమర్ పట్టించాలి. ఈ తేమలో పచ్చి ఇనుము ఆలస్యాన్ని క్షమించదు. స్కూప్‌కు ఫైబర్ వాడకం ఎక్కువ, తేలిక, తుప్పు పట్టదు. ఏబీఎస్ ప్లాస్టిక్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి టర్బో పైన పనికిరాదు. అలంకారం కోసం రెండువైపుల టేపుతో అతికించే ఉత్తుత్తి స్కూపులు గాలికీ చల్లదనానికీ ఏ మేలూ చేయవు. వాటి కింద నిలిచిన నీరు కొన్నాళ్లకు పెయింటును పొంగిస్తుంది.

కొలిచి చూసుకోవడం

కోతకు ముందు బండి మీద గాలి తీరును తక్కువ ఖర్చుతో తెలుసుకోవచ్చు. జానెడు కంటే పొట్టి ఊలు దారపు ముక్కలను బానెట్ నిండా అతికించి, పక్క బండిలోంచి వీడియో తీస్తే గాలి అంటుకుని పోయే చోటు, సుడి తిరిగే చోటు తెలుస్తాయి. పీడనానికి రంగు నీళ్లు పోసిన పారదర్శక గొట్టం చాలు. దాన్ని యూ ఆకారంలో వంచి ఒక కొసను బానెట్ మీద ఎంచుకున్న చోట, మరో కొసను కింద ఇంజిన్ గదిలో ఉంచాలి. రెండు వైపుల నీటిమట్టాల తేడా 1 మిల్లీమీటరు ఉంటే పీడనపు తేడా దాదాపు 10 పాస్కల్‌లు. 60 వేగంలో గ్రిల్ ముందు అది 16 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పైన ఎక్కువ పీడనం కనిపించిన చోట లోపలికి తీసే నోరు, తక్కువ కనిపించిన చోట బయటికి పంపే బెజ్జం పెట్టాలి. మార్పుకు ముందూ తర్వాతా ఒకే రోడ్డు మీద, ఒకే లోడుతో, ఒకే వేళలో కూలెంట్ ఉష్ణోగ్రతను, బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే ఓబీడీ రీడరుతో చూడాలి. తేడా కనిపించకపోతే ఆ మార్పు పనిచేయలేదన్నమాటే.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలన్న వైఖరి తీసుకుంది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ప్రతి మార్పుకూ 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. బానెట్ ఆకారం ఆర్‌సీలో రాసి ఉండే అంశం కాదు. అయినా కోసిన బానెట్‌పై ఫిట్‌నెస్ సమయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అభ్యంతరం చెప్పవచ్చు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ప్రశ్నించవచ్చు. కాబట్టి కోతకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి.

కంపెనీ స్కూప్‌తో వచ్చిన బళ్లకు ఈ చిక్కులేవీ లేవు. మే నెలలోనే బీడింగ్, ఇంటర్‌కూలర్ రెక్కలు, తూములు ఒకసారి చూపించుకుంటే గజపతినగరం ఎండకూ, అక్టోబరు వానకూ ఆ స్కూప్ అలాగే సరిపోతుంది. స్కూప్ లేని బండి హీటెక్కుతుంటే ముందు రేడియేటర్, ఫ్యాన్ చూపించాలి. అవి బాగుండి కూడా వేడి తగ్గకపోతేనే లూవర్ల గురించి ఆలోచించాలి.